థెల్మా బొటనవేలు, హోరేస్ ఆకురాయి

థెల్మా రడ్జ్ తన జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. ఇంగ్లండు నడిమి జిల్లాల్లోని టిప్టన్‌లో పుట్టింది, టిప్టన్ బస్సుల్లోనే తిరిగింది. కారులో కూర్చున్నది తన పెళ్ళికీ, మొగుడి అంతిమయాత్రకీ మాత్రమే. అయినా పాత స్పోర్ట్సు కార్ల పిచ్చి పట్టి, ఇంజను విప్పుకుని, ఇక ఏం చెయ్యాలో తోచక నెత్తిన చేయి పెట్టుకున్న ప్రతివాడూ చివరికి కాలువ గట్టు మీది ఆవిడ ఇంటికే వచ్చేవాడు. అదీ వెనక తలుపుకి. ముందు తలుపు పాస్టరుకీ, శవపెట్టెలో పోయేవాళ్ళకీ అని మా వైపు లెక్క. తెలియక ముందు తలుపు కొట్టిన లండను బాబులు వానలో నిలబడి నిలబడి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఆవిడ వంటింట్లోంచి వింటూనే ఉండేది. లేచేది కాదు.

ఆవిడ దగ్గర ఉన్నవి బేరింగులు. ఇంజను నడుమ క్రాంకు అని బరువైన ఇరుసు ఒకటి తిరుగుతుంటుంది. ఇనుము మీద ఇనుము రాసుకుంటూ తిరిగితే చూస్తుండగానే కాలి బిగుసుకుపోతుంది. అందుకని ఇరుసు మెడల చుట్టూ అర్ధచంద్రాకారపు చిప్పలు రెండేసి కూర్చుతారు. చిప్ప వీపు ఉక్కు, కడుపు మెత్తని సీసపు పూత. ఆ కడుపుకీ ఇరుసుకీ మధ్య నూనె పొర, వెంట్రుక కన్నా పలచన. అంత బరువూ, అంత వేగమూ ఆ పొర మీదే తేలుతుంది. అన్నీ సవ్యంగా ఉంటే బండి పరిగెడుతున్నంతసేపూ ఇనుము చిప్పని తాకనే తాకదు. ఏళ్ళ తరబడి ఒకదాని ఒళ్ళో ఒకటి ఉండి, ఒక్కసారీ రాసుకోకుండా బతకడమే! ఏ కాపురంలోనైనా చూశామా అలాంటి ముచ్చట?

థెల్మా పదిహేనో ఏట బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ గదికి వెళ్ళింది. ఉత్తరం వైపు కిటికీల కింద పొడవాటి బల్ల, దానికి ఇటూ అటూ ఆడపిల్లలు. వేళ్ళకి ఉంగరాలు ఉండకూడదు, చేతులకి క్రీము రాయకూడదు. చిప్ప చేతిలోకి వస్తుంది, బొటనవేలు దాని కడుపు మీద ఒక చివరినుంచి ఇంకో చివరికి వెళుతుంది, బాగుంటే కుడివైపు బుట్ట, లేకుంటే ఎడమవైపు చెత్త. కొలిచే పనిముట్లు ఉన్నాయి, కానీ అవి తర్వాతి మాట. గదికి పెద్ద దిక్కు శ్రీమతి గ్విల్ట్ అని ఒకావిడ ఉండేది, నోరు తెరిస్తే తిట్టే. "కళ్ళు అబద్ధం చెప్తాయే పిల్లా, వేలు చెప్పదు. చూస్తూ కూర్చోక తడిమి చూడు," అని నెత్తిన మొట్టేది. థెల్మా ఆ గదిలో ఉండగానే పెళ్ళి చేసుకుంది, ఆ గదిలోనే ముసలిదైంది. తను వదిలిన చిప్పలు ఏ కొండలెక్కాయో, ఏ పందేల్లో తిరిగాయో వార్తల్లో వినేది తప్ప ఒక్కటీ కళ్ళతో చూడలేదు. ఫ్యాక్టరీ మూసిన రోజున పాత సరుకంతా బయట చెత్తబండిలోకి విసిరేస్తుంటే చెల్లెలి పిల్లల తోపుడు బండి తెచ్చుకుని, "ఇవి నేను పట్టుకుపోతా," అంది. మేనేజరు నవ్వి, "చెత్తేగా, పట్టుకుపో," అన్నాడు. మైనం కాగితాల్లో చుట్టిన ఆ చిప్పలతో పెరట్లో బట్టలుతికే గది నేలనుంచి కప్పుదాకా నిండిపోయింది. బట్టలు అప్పటినుంచీ వంటింట్లోనే ఉతికేది.

తొంభై ఆరు నవంబరులో ఒక శనివారం హోరేస్ టిమ్మిన్స్ వెనక తలుపు తట్టాడు. మనిషి వడ్రంగి. బీరువాలు, చర్చి బల్లలు, మెట్ల కటకటాలు, ఏది చేసినా అతుకు కనపడదు. అతను చేసిన సొరుగు మూస్తే లోపలి గాలి మెల్లగా నిట్టూర్చేదట, అంత బిగువు. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"థెల్మా గారూ, ఈ కొత్త చిప్ప కేటలాగు చూసి తెప్పించాను. మా బండికి సరిపోతుందంటారా?"

ఆవిడ అందుకుని, బొటనవేలు ఒక్కసారి పోనిచ్చి, తిరిగి అతని చేతిలో పెట్టేసింది.

"సరిపోవడమా? బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇది పెట్టి నడుపు, వేసవికల్లా నీ చేతిలో మిగిలేది చిప్పే."

"ఏమండీ, కొత్తదే కదా?"

"కొత్తదేనయ్యా, గట్టిది కూడాను. ఈ కాలం ఇరుసులు రాళ్ళలా ఉంటాయి, వాటికిది చాలు. నీ బండి ఏనాటిది? యాభై మూడా? దాని ఇరుసు మెత్తన. నూనెలో ఇసుక రేణువు ఒక్కటి వచ్చిందనుకో. మెత్తని చిప్ప అయితే దాన్ని తన ఒంట్లోకి మింగేసి నోరు మూసుకుంటుంది. ఇది మింగదు. రేణువు మధ్యలో నిలబడి నీ ఇరుసుని నాగలి పెట్టి దున్నుతుంది. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని అందరూ అంటారు గానీ, ఇంజన్లో మెత్తనిదే దెబ్బ కాచుకునేది." ఊపిరి తీసుకుని చేయి చాపింది. "పాతవి తెచ్చావా? వాటిని చూపించు ముందు."

పాతవి చేతిరుమాల్లో మూటకట్టి తెచ్చాడు. వంటింటి బల్ల మీద పరిచారు. థెల్మా ఒక్కొక్కటే తీసి కిటికీ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని తడిమింది. మూడో జత దగ్గర వేలు ఆగింది. వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది.

"ఇది తుడిచిపెట్టుకు పోయింది. నూనె అందలేదు. మిగతావాటికి అందింది, దీనికే అందలేదు. అదీ ఒక్కసారి కాదు. ఏదో పొడుగాటి మలుపు, అడుగునున్న నూనెంతా ఒక పక్కకి ఒరిగిపోయేంత సేపు. ఆ మలుపులో యాక్సిలరేటరు మీంచి కాలు తీయకుండా తొక్కిపట్టారు, మళ్ళీ మళ్ళీ. ఎవరయ్యా ఆ రాక్షసుడు?"

హోరేస్ మొహం ఎర్రబడింది. "మా ఆవిడ."

"నిన్ను చూడగానే అనుకున్నాలే, నువ్వు కాదని."

అతను బల్ల పట్టుకుని కూర్చుండిపోయాడు. నలభై ఏళ్ళ కిందటి సంగతి. పెన్‌కాట్ కొండ మీద గొర్రెలదొడ్డి మలుపు. కార్ల క్లబ్బువాళ్ళ కొండెక్కే పందేల్లో మొగవాళ్ళందరూ ఆ మలుపులో కాలు తీసేవాళ్ళు, నెస్టా తీసేది కాదు. ఆ సంగతి ఈవిడకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఒక సీసపు ముక్క చెప్పింది. హోరేస్ ఇంటికెళ్ళాక పెళ్ళానికి ఆ మాటే పదిసార్లు చెప్పాడు.

ఆ బల్ల దగ్గరే థెల్మాకి అసలు సంగతి బయటపెట్టాడు. నెస్టాకి కళ్ళు మందగిస్తున్నాయి. చూపు మధ్యలో మసక మచ్చ, అది పెరుగుతోంది. వచ్చే వేసవి దాకా నడపొచ్చని, ఆ తర్వాత లైసెన్సు తిరిగి ఇచ్చెయ్యాలని కంటి డాక్టరు చెప్పారు. మే నెలలో పెన్‌కాట్‌లో క్లబ్బువాళ్ళు పాత బళ్ళని కొండెక్కిస్తారు. పిల్లల పెంపకం వచ్చినప్పుడు షెడ్డులో పడేసిన పచ్చ కారుని ఒక్కసారి పైకి తీసుకెళ్ళాలని నెస్టా కోరిక. అదీ ఇంతకు ముందు ఎక్కినట్టే ఎక్కాలి, బామ్మ షికారులా కాదు. ఇక ఇరుసు సంగతి చూస్తే, పాత గాట్లు పోయేదాకా మెడల్ని చివరిసారి అరగదీసేశారు. ఇంకోసారి తీయడానికి లోహం లేదు. ఈసారి చెడితే ఇంజను పాత ఇనుముకే.

థెల్మా పెరటి గదివైపు చూసింది. ఆ చివరి కొలతకి సరిపోయే మెత్తని చిప్పలు ఆవిడ దగ్గర ఒక్క సెట్టే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. జర్మనీ నుంచి ఒక వ్యాపారి రెండుసార్లు వచ్చాడు. మ్యూజియం ఆయన ఒకడు అద్దాల పెట్టెలో పెడతానని బతిమాలాడు. "అద్దాల పెట్టెలో పెట్టడానికి అదేమైనా శవమా?" అని పంపేసింది. అందరూ బండికి బేరింగు వెతుక్కుంటారు. ఈవిడ ఆ సెట్టుకి బండిని వెతుకుతోంది, ఏళ్ళుగా.

"ఇరుసు పట్టుకురా. చూడకుండా ఇవ్వను," అంది.

ఆదివారం చర్చి అయ్యాక హోరేస్ ఇరుసుని దుప్పట్లో చుట్టి, మట్టి మోసే ఒంటిచక్రపు బండిలో పడుకోబెట్టి, కాలువ గట్టు వెంట తోసుకొచ్చాడు. పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళే తండ్రిలా ఉన్నాడు. థెల్మా దాని మెడలన్నీ గోటితో గీకి, వేలితో తడిమి, లోపలికి వెళ్ళి మైనం కాగితాల పొట్లం తెచ్చింది.

"ఎలా ఉన్నవి అలా కూర్చు. తుడువు, నూనె రాయి, కూర్చు. అంతే. ఇంకేం చెయ్యకు."

"అలాగేనండి."

ఇంజను మూసే రోజున చిప్పలిచ్చినవాళ్ళనీ, ఇరుసు అరగదీసినవాళ్ళనీ పిలిచి భోజనం పెట్టడం మా వైపు అలవాటు. మూత బిగించేముందు అందరూ ఒకసారి లోపలికి తొంగి చూస్తారు, మళ్ళీ ఎప్పటికో గదా అని. మార్చిలో థెల్మా రెండు బస్సులు మారి టిమ్మిన్స్ ఇంటికి వెళ్ళింది. నెస్టా తలుపు తీసింది. వేల్సు మనిషి, పొట్టి, భుజాలు వెడల్పు, జుట్టు తెల్లగా కత్తిరించి ఉంది. ఎదుటి మనిషిని నేరుగా చూడకుండా కాస్త పక్కకి చూస్తుంది, అప్పుడే బాగా కనిపిస్తుందట.

"ఓ, నా దొంగతనం పట్టుకున్న మనిషివి నువ్వేనా?"

"కాలు ఎందుకు తీయలేదమ్మా ఆ మలుపులో?"

"తీస్తే వెనకవాడు నవ్వుతాడని."

ఇద్దరికీ అక్కడే కుదిరిపోయింది. పొయ్యి మీద బూడిదరంగు బఠాణీలు పందిమాంసంతో కుతకుతలాడుతున్నాయి. షెడ్డులో బల్ల మీద హోరేస్ అంతా పరిచి పెట్టాడు, పెళ్ళి వడ్డన విస్తర్లలా, వరసలో, తెల్లగుడ్డ మీద. ఇరుసు మెడల్ని పట్టుకునే ఇనుప రాడ్డుల కింది కన్నుల్లో చిప్పలు అప్పటికే కూర్చి ఉన్నాయి, ఆ కన్నుల మూతలు బిగించడమే తరువాయి. థెల్మా దగ్గరికెళ్ళి, అలవాటు చొప్పున, చూడకుండానే చిప్ప అంచు మీద బొటనవేలు పెట్టింది.

వేలికి ఏమీ తగలలేదు. చిప్ప అంచూ, రాడ్డు అంచూ నున్నగా కలిసిపోయి ఉన్నాయి. రెండోది తడిమింది. మూడోది. నాలుగూ అంతే.

"ఎవరు అరగదీశారివి?"

"నేనేనండి," అన్నాడు హోరేస్, పొంగిపోతూ. "చిప్పలు కొంచెం పైకి నిక్కి ఉన్నాయి. చేసినవాళ్ళు తొందరలో చూసుకోలేదేమో అనుకున్నాను. సానరాయంత నున్నటి ఆకురాయితో అన్నీ సమం చేశాను. చూడండి, గోరు కూడా పట్టదు."

థెల్మా అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

ఆ నిక్కే ప్రాణం. చిప్ప అంచు వెంట్రుకవాసి పైకి ఉండాలి. మూత బిగించినప్పుడు ఆ వెంట్రుకవాసీ నలిగి, చిప్ప వెనక్కి నెట్టుకుని, రాడ్డుని కరిచి పట్టుకుంటుంది. ఇంకే మేకూ, జిగురూ దాన్ని పట్టదు. ఆ నిక్కు లేకపోతే వేగంలో చిప్ప ఇరుసుతోపాటు గిర్రున తిరుగుతుంది, నూనె దారి మూసుకుపోతుంది, ఇక ఇంజను లేదు, ఇరుసు లేదు. ఒక మొరటు మెకానిక్ అయితే చిప్పల్ని చూడకుండా పెట్టి బిగించేసేవాడు, బండి సుబ్బరంగా నడిచేది. జీవితమంతా చెక్క మీద చిత్రిక పట్టి, నిక్కిన ప్రతిదాన్నీ సమం చేస్తూ వచ్చిన మనిషి కాబట్టే ఈ పని చేశాడు. ఇంత శ్రద్ధగల పాడు పని ఇంకెవడివల్లా కాదు.

"అయ్యో హోరేస్! ఏం పని చేశావయ్యా? ఎలా ఉన్నవి అలా పెట్టమన్నానా లేదా? పనిమంతుడు పందిరేస్తే పిచ్చుకలొచ్చి పడదోశాయట, అలా ఉంది నీ పనితనం!" అని అరిచింది. అరుస్తూనే చెప్పింది ఎందుకో. చెబుతుంటే హోరేస్ బల్ల దగ్గరినుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతులు రెండూ ఎత్తి వాటివైపే చూసుకున్నాడు. అవి ఎవరి చేతులో అన్నట్టు.

నెస్టా వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలో గరిటె వేసి కలుపుతూ, వాళ్ళకి వీపు పెట్టి నిలబడింది. కాసేపటికి, "బఠాణీలు అడుగంటుతున్నాయి, రండి," అంది. ముగ్గురూ కూర్చున్నారు గానీ ఎవరికీ ముద్ద దిగలేదు.

థెల్మా ఆ చిప్పల్ని సంచిలో వేసుకుని బస్సెక్కింది. దారంతా హోరేస్‌ని తిట్టింది, తర్వాత తనని తాను తిట్టుకుంది. నిక్కు సంగతి ఎందుకు చెప్పలేదు? ఎందుకంటే తనిఖీ గదిలో అది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేని విషయం, కూరలో ఉప్పు వెయ్యమని చెబుతామా? ఆ గది మూతపడి ఇన్నేళ్ళయిందని, తనకి తెలిసినవి ఇక అందరికీ తెలిసినవి కావని, ఆ రోజుదాకా ఆవిడకి తట్టనే లేదు.

మర్నాడు పొద్దున వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చిప్పల్ని ఒక్కొక్కటే మళ్ళీ తీసింది. ఎంత పోయిందో చూద్దామని. అంచు మీద వేలు పెట్టింది. రెండోదాని మీద పెట్టింది. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటికొచ్చింది. తర్వాత మైక్రోమీటరు తెచ్చి కొలిచింది, తన వేలిని తనే నమ్మలేక.

అన్నిటినుంచీ ఒకే అంత పోయింది. ఒకదానికీ ఇంకోదానికీ రవ్వంత తేడా లేదు. ఒక్క అంచు వాలలేదు, ఒక్క మూల గుండ్రం కాలేదు. చేతిలో ఆకురాయి పట్టుకుని, ఇంత చిన్న అంచుని, ఇంత తిన్నగా! ఫ్యాక్టరీలో యంత్రాలు తీసిన అంచుల్ని లక్షల్లో తడిమిన వేలు అది. ఇలాంటి అంచు దానికి ఎప్పుడూ తగల్లేదు. "ఓరి దేవుడా, ఇది మనిషి చెయ్యేనా?" అని పైకే అనేసింది. నిన్న ఏ చేతుల్ని తిట్టిందో, ఇప్పుడు వాటికి దణ్ణం పెట్టాలనిపించింది. టీ చల్లారిపోయింది, తాగలేదు.

తప్పు అంత సమంగా జరిగితే, దిద్దుబాటూ అంత సమంగానే జరగొచ్చు. రాడ్డు మూత అంచుల్ని అంతే మందం అరగదీస్తే కన్ను ఆ మేరకి చిన్నదవుతుంది, చిప్ప మళ్ళీ నిక్కుతుంది. కానీ మూత అరగదీయడమనేది ఈ విద్యలో మహాపాపం. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ చెప్పే మాట ఒకటుండేది: "మూత అరగదీసినవాడి చెయ్యి విరగ్గొట్టాలి." అలా చేస్తే కన్ను గుండ్రం తప్పుతుంది, నిలువునా సందు బిగుసుకుంటుంది. ఇరుసుకి చివర్లో మెరుగు పెట్టినప్పుడు పోయిన కాస్త ఇక్కడ కలిసి రావచ్చు. రాకపోనూ వచ్చు. తనిఖీ బల్ల మీదకి అలాంటిది వస్తే తనే చెత్తబుట్టలో వేసేది. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. తెలిసే కోటు వేసుకుని బస్సుస్టాపుకి నడిచింది.

హోరేస్ షెడ్డుకి తాళం వేసేశాడు.

"నేను ఇక ఆకురాయి ముట్టుకోనండి. నా చేతుల్ని నమ్మలేను."

"నిన్నెవరు నమ్మమన్నారు? నేను నమ్ముతా. తియ్యి తాళం."

"మళ్ళీ చెడగొడితే?"

"ఇంతకన్నా చెడేదేముందయ్యా? నువ్వు చెడగొట్టినంత అందంగా ఇంకెవరూ బాగుచెయ్యను కూడా లేరు. కూర్చుని ఏడుస్తావా, గాజుపలక తెస్తావా?"

నెస్టా లోపలినుంచి అరిచింది. "తియ్యి హోరేస్! లేకపోతే తాళం నేను పగలగొడతా, చూపు సరిగా లేదు, ఏది పగులుతుందో తెలీదు!"

దళసరి గాజుపలక మీద సన్నపొడి, నూనె వేసి, మూతని బోర్లించి, హోరేస్ ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పసాగాడు. నాలుగు తిప్పులకోసారి తుడిచి ఇచ్చేవాడు. థెల్మా వేలు పెట్టి, "ఇంకా," అనేది. మళ్ళీ తిప్పేవాడు. "ఇంకా." మధ్యాహ్నం దాకా ఆ షెడ్డులో ఇంకో మాట లేదు. ఆకురాయి ముట్టనన్న చేతులు వాటంతటవే కుదురుకున్నాయి. ఒకచోట ఆవిడ వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఆగు. ఇక ముట్టుకోకు." అతని చేయి పట్టుకుని అంచు మీద పెట్టింది. "తగిలిందా?"

హోరేస్ కళ్ళు మూసుకున్నాడు. ఏదో ఉంది. ఉందీ లేనట్టుగా ఉంది. నిద్రపోతున్న పసిదాని ఊపిరి చేతికి తగిలినట్టు, అంతే.

"ఇదా? ఇంత చిన్నదా? ఇదా ఇంజన్నంతా పట్టుకునేది?"

"ఇదే."

అతను అంచు మీద వేలు ఇంకోసారి పోనిచ్చాడు. జీవితమంతా ఇలాంటి వాటినే కదా తీసి పారేశాను అన్నాడు, ఎవరితోనూ కాదు. మిగతా మూతలు కూడా అలాగే చేశారు. ఇరుసుకీ చిప్పకీ మధ్య సందు ఎంతో తెలియడానికి మైనపు నూలు పోగు పెట్టి బిగించి, విప్పి చూస్తే, పోగు నలిగిన వెడల్పు ఉండవలసినంత ఉంది. అంతకుమించి ఏ పరీక్షా లేదు. మిగతాది కొండే చెప్పాలి.

మే నెల రెండో ఆదివారం పెన్‌కాట్‌లో ఎండ కాసింది, అదే ఒక వింత. పచ్చ కారు వరసలో నిలబడింది. అక్కడ ఒక చిక్కొచ్చి పడింది. నెస్టాకి రోడ్డు కనిపిస్తుంది, గడ్డి అంచులు కనిపిస్తాయి, మీటరులోని సన్నని ముల్లు మాత్రం మసక మచ్చలో పడిపోతుంది. నూనె ఒత్తిడి చూసి చెప్పే మనిషి పక్కన ఉండాలి. పాత బళ్ళకి పక్కన మనిషిని ఎక్కించుకోవచ్చు. హోరేస్‌కి మలుపుల్లో వాంతులవుతాయి.

"ఎక్కవే థెల్మా," అంది నెస్టా.

"నేనా? నాకు బస్సులోనే కళ్ళు తిరుగుతాయే!"

"ముల్లు ఇరవై కింద పడితే 'వదులు' అని కేకెయ్యి. నేను కాలు తీసేస్తా. అంతే నీ పని. చిప్పలు నీవి, బాధ్యత నీది. ఎక్కు."

థెల్మా సంచీ హోరేస్ చేతికిచ్చి, ప్రార్థన గొణుక్కుంటూ ఎక్కింది. తలుపు ఆవిడ మోకాలంత ఎత్తు కూడా లేదు. నేల పక్కనే పరిగెడుతుందేమిటి అనుకునేలోపు జెండా ఊగింది.

ఆ తర్వాత కొంతసేపు ఆవిడకి తల ఎక్కడుందో, కాళ్ళెక్కడున్నాయో తెలియలేదు. గాలి నోట్లో కొట్టింది. టోపీ ఎగిరిపోయింది. కంచెలు మీదికొచ్చి పక్కకి తప్పుకున్నాయి. కన్ను మాత్రం ముల్లు మీదే ఉంచింది, ముల్లు నలభై మీద నిలబడి ఉంది. ఎడమచేయి పట్టుకోవడానికేదో వెతుక్కుని ముందున్న ఇనుప పలక అంచు దొరకబుచ్చుకుంది. బొటనవేలు ఇనుముకి ఆనింది.

"గొర్రెలదొడ్డి!" అని అరిచింది నెస్టా.

మలుపు వచ్చింది, వచ్చి పోలేదు. తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది. నెస్టా కాలు తీయలేదు. బండిలో ఉన్నదంతా, నెస్టా, థెల్మా, అడుగున ఉన్న నూనె, అన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి. ముల్లు ముప్పైకి వచ్చింది. ఇరవైకి వచ్చింది. చచ్చిన పురుగులా కిందికి రాలిపోయింది.

"ఎంతుందే?"

థెల్మా నోరు తెరిచింది. 'వదులు' అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. ఆ క్షణంలో ఇరుసు కింద నూనె లేదని ఆవిడకి తెలుసు. ఉన్నది చివరగా మిగిలిన నూనె తడీ, సీసపు కడుపూ, హోరేస్ తిరిగి తెచ్చిన ఆ వెంట్రుకవాసి నిక్కూ మాత్రమే. కళ్ళు చెబుతున్నాయి, అంతా అయిపోయిందని. కానీ బొటనవేలు ఇనుము మీద ఉంది, అది వేరే మాట చెబుతోంది. లోపల ఎక్కడా కొట్టుకోవడం లేదు. గీరుకోవడం లేదు. నున్నగా, తిన్నగా, తిరుగుతోంది. ఆ వేలు ఆవిడకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

"ముల్లు సంగతి నీకెందుకే, తొక్కు!" అని అరిచింది. "తొక్కవే నా తల్లీ, తొక్కు!"

నెస్టా స్టీరింగు మీద పిడికిలి బిగించి నవ్వింది, తొక్కింది. మలుపు విడిపోయింది. ముల్లు లేచి, నలభై మీదికి వచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

పైన నెస్టా ఇంజను ఆపేసింది. గడ్డిలో గొర్రెలు మేస్తున్నాయి. హోరేస్ థెల్మా సంచీ మెడలో వేసుకుని, అడ్డదారిన కొండెక్కి, రొప్పుతూ వచ్చాడు. మలుపులో బండి శబ్దం వింటూ ఎక్కడ ఏం పగులుతుందోనని చెవులు రిక్కించి ఎక్కాడు, పాపం.

"ఏమైంది? ఏమైనా తెలిసిందా థెల్మా గారూ?"

థెల్మా లేవలేదు. బొటనవేలు ఇంకా ఇనుము మీదే ఉంది. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"ఏమీ తెలీలేదు హోరేస్. అసలేమీ తెలీలేదు." ఇనుప పలకని ఇంకోసారి తడిమింది. "ఇన్నేళ్ళూ ఈ వేలితో లోపాలే వెతికానయ్యా. లోపం లేకపోతే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది."

హోరేస్ తన చేతులవైపు ఒకసారి చూసుకుని, వాటిని వెనక్కి పెట్టుకున్నాడు. నెస్టా పక్కకి తిరిగి, తనకి కనిపించే వైపు నుంచి, థెల్మాని తేరిపార చూసింది.

"దిగుతావా, కిందికెళ్ళి ఇంకోసారి ఎక్కుదామా?"

"ఆగవే," అంది థెల్మా. "ముందు నన్ను ఏడవనీ. తర్వాత పోదాం."